ర్యామ్‌రాడ్ మీద గీత: ఒక చవక మజిల్‌లోడర్‌కి గురి కుదిర్చిన కేసు

"అన్నా, యాభై గజాల్లో పేపర్ ప్లేట్ కూడా తగలట్లేదు. తుపాకీ వాపస్ ఇచ్చేయనా?"

అక్టోబరు మొదటి వారంలో వచ్చిన ఫోన్ అది. చేసినవాడు నాకు వరసకి తమ్ముడేమీ కాదు, అలవాటు కొద్దీ తమ్ముడూ అంటాను. ఖమ్మం జిల్లా అబ్బాయి, కొలంబస్‌లో మా ఇంటికి దగ్గరలోనే ఉంటాడు. నేను ఒహాయోలో పదేళ్లకు పైగా జింకల వేటకి వెళ్తున్నాను. తుపాకీ కొత్తగా పట్టుకున్న మనవాళ్లకి రేంజిలో, అంటే కాల్పుల సాధన చేసే మైదానంలో, దగ్గరుండి నేర్పిస్తుంటాను. ఇలాంటి కేసులు ఏటా రెండు మూడు వస్తాయి. ఈ కేసు మాత్రం పూర్తిగా రాయాలనిపించింది. ఇందులో నేను మొదట తప్పు దారి పట్టాను, ఆ దారి చాలామంది పట్టేదే.

కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు. మజిల్‌లోడర్ అంటే మూతి వైపు నుంచి మందు పోసి, గుండు దించి పేల్చే తుపాకీ. మన పల్లెల్లో పెద్దవాళ్లు నాటు తుపాకీ అనేది ఈ జాతిదే. ఇక్కడ ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నది ఇన్‌లైన్ రకం. నిప్పు పుట్టించే ప్రైమర్ గొట్టానికి సరిగ్గా వెనక, అదే వరసలో కూర్చుంటుంది. షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమరే ఇది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం. ఒహాయోలో జింకల సంఖ్యని అదుపులో ఉంచడానికి రాష్ట్రమే లైసెన్సులిచ్చి, కౌంటీకి ఇన్ని అని లెక్క కట్టి వేట సాగిస్తుంది. మొదటిసారి మామూలు లైసెన్సు తీసుకునేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. మజిల్‌లోడర్‌కి జనవరి మొదట్లో నాలుగు రోజుల ప్రత్యేక సీజన్ ఉంటుంది. మా తమ్ముడి లక్ష్యం ఆ నాలుగు రోజులే.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు చెప్పేస్తాను. వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండే విషయంలో ఫెడరల్ చట్టం చాలా కఠినంగా ఉంటుంది. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి ఒక మినహాయింపు ఉంది. మామూలు తూటాలు వాడే వీలు లేని మజిల్‌లోడర్లని ఆ చట్టం వేరే తరగతిలో పెట్టిన మాట కూడా నిజమే. కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. ఒక్క పొరపాటుకి స్టేటస్ మొత్తం పోతుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఎవరూ కొనొద్దు. మా తమ్ముడికి గ్రీన్ కార్డు ఉంది.

అతను కొన్నది సీవీఏ వుల్ఫ్, .50 క్యాలిబర్. 24 అంగుళాల గొట్టం, లోపల మెలికలు 28 అంగుళాలకి ఒక చుట్టు. నడుం దగ్గర విరిచి తెరిచే రకం. గొట్టం వెనక మూసే బ్రీచ్ ప్లగ్ పనిముట్లు లేకుండా వేళ్లతోనే ఊడి వస్తుంది. చవక ధరకి ఇంతకంటే మంచి తుపాకీ అడగనక్కర్లేదని నా అభిప్రాయం. దాని మీదికి విడిగా ఒక చవక 3-9x40 స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, కొన్నాడు. మందు కోసం పైరోడెక్స్ పెల్లెట్లు, అంటే బిళ్లలుగా నొక్కిన మందు, ఒక్కొక్కటి 50 గ్రెయిన్లవి. మందునీ గుండునీ కొలిచే చిన్న కొలమానం గ్రెయిన్. గుండుకి మూడేసి వేస్తున్నాడు. అంటే మొత్తం 150 గ్రెయిన్లు. "డబ్బా మీద మ్యాగ్నం లోడ్ అని ఉందన్నా, ఎక్కువ వేస్తే సూటిగా పోతుందనుకున్నా" అన్నాడు. గుండు 250 గ్రెయిన్ల హార్నడీ ఎస్‌ఎస్‌టీ, చుట్టూ సాబో అనే ప్లాస్టిక్ తొడుగుతో. తమ్ముడి కుడి కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంది. అది స్కోప్ అంచు కొట్టిన దెబ్బ. ఆ గాటుని ఆ రోజే ఇంకొంచెం గట్టిగా పట్టించుకోవాల్సింది.

మొదటి శనివారం

ఒహాయోలోనే ఉన్న డెలావేర్ వైల్డ్‌లైఫ్ ఏరియాలో రాష్ట్రం నడిపే రేంజికి వెళ్లాం. కాల్చే ముందే స్కోప్ పట్టుకుని కదిపి చూశాను. కింద బేస్ స్క్రూల్లో ఒకటి పావు చుట్టు తిరిగింది. చవక తుపాకీతో వచ్చే కేసుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి. మొత్తం విప్పి, స్క్రూల రంధ్రాల్లోని ఫ్యాక్టరీ నూనెని ఆల్కహాల్‌తో తుడిచి, మరలు వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు చుక్క వేసి, మౌంట్ కాగితంలో రాసినంత బిగువుకి టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించాను. స్కోప్‌ని కూడా అరంగుళం ముందుకి జరిపాను. తుపాకీ భుజానికి ఆనించగానే మెడ సాగదీయకుండా పూర్తి వృత్తం కనపడాలి, అయినా కంటికి మూడున్నర అంగుళాల దూరమైనా ఉండాలి.

తర్వాత అతని లోడ్‌తోనే నేను కాల్చాను, ఇసుక సంచుల మీద ఆనించి, 50 గజాల్లో. మొదటి రెండు గుళ్లూ ఒకటిన్నర అంగుళం ఎడంలో పడ్డాయి. మూడోది వాటికి అయిదు అంగుళాల అవతల. మళ్లీ మూడు. అదే వరస. రెండు దగ్గర దగ్గరగా, మూడోది ఎక్కడో.

స్కోప్ లోపల ఏదో జారుతోందని నిర్ణయించేశాను. చవక స్కోప్ అనగానే మనసు అటే పోతుంది. నా రైఫిల్ మీదున్న నమ్మకమైన స్కోప్ విప్పి దీని మీద పెట్టాను. ఆ బిగింపులకీ గురి సర్దుకోవడానికీ మధ్యాహ్నం మొత్తం పట్టింది. చివరికి ఆరు గుళ్లు కాల్చాం. మళ్లీ అదే. రెండు మంచివి, ఒకటి పిచ్చిది. ఒక శనివారమూ బోలెడు మందూ పోయాక తెలిసింది ఒక్కటే, స్కోప్ తప్పేమీ లేదు. ఆ చవక స్కోప్ ఈ రోజుకీ ఆ తుపాకీ మీదే ఉంది.

ఇంటికొచ్చి నోట్‌బుక్ తెరిచి గుళ్ల వరస చూసుకున్నాను. తప్పు ఎప్పుడూ మూడో దానిలోనే. స్కోప్ వదులైతే తప్పు వరస చూసుకుని రాదు. కాబట్టి మూడో గుండు నింపేటప్పుడు మొదటిసారి లేనిదేదో గొట్టంలో ఉంది.

గీత

రెండో శనివారం తుపాకీ కంటే ముందు ర్యామ్‌రాడ్, అంటే గుండుని గొట్టంలోకి తోసే కడ్డీ, చేతిలోకి తీసుకున్నాను. ఖాళీ గొట్టంలోకి దించి, మూతి దగ్గర కడ్డీ మీద ఒక సన్నని గీత గీశాం. ఇది "ఖాళీ" గీత. శుభ్రమైన గొట్టంలో మందు, గుండు పూర్తిగా దించి, మళ్లీ మూతి దగ్గర రెండో గీత. ఇది "నిండు" గీత. దాని మీద తెల్ల టేపు చుట్టాం. పని రెండు నిమిషాలది. తమ్ముడు తుపాకీ కొన్న రోజే ఎవరైనా ఇది చేయించి ఉంటే ఈ కేసే లేదు.

మొదటి గుండు గీత దగ్గరే కూర్చుంది. పేల్చాడు. రెండోది కాస్త బలంగా తోస్తే గీత దాకా వచ్చింది. మూడోది నింపుతూ "అయిపోయిందన్నా, గట్టిగా తగిలింది" అన్నాడు. చూస్తే తెల్ల టేపు మూతికి ముప్పావు అంగుళం పైన నిలబడి ఉంది.

పేల్చిన ప్రతిసారీ గొట్టం గోడలకి మసి పట్టి గట్టిపడుతుంది. మూడోసారికి ఆ పొర సాబోని మధ్యలోనే బిగించి పట్టేసింది. అతను దాన్నే అడుగు అనుకున్నాడు. గుండు ఆగిన చోటు మారితే మందు మీద ఒత్తిడి మారుతుంది, వేగం మారుతుంది, తగిలే చోటూ మారుతుంది. గురి సంగతి అలా ఉంచండి, ఇది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బొచ్చు, పగలనూవచ్చు. ఎన్ని మూడో గుళ్లు అలా పేల్చామో లెక్క వేసుకుంటే ఇద్దరికీ కాసేపు మాట రాలేదు. ముందు శనివారం అలా పేల్చినవాటిలో నావీ ఉన్నాయి.

ఆ గుండుని పేల్చలేదు. ప్రైమర్ ఎప్పుడూ అన్నిటికంటే చివర పెడతాం కాబట్టి అప్పటికి లోపల నిప్పు మూలం ఏదీ లేదు. బ్రీచ్ ప్లగ్ విప్పి, పెల్లెట్లు వెనక నుంచి తీసేసి, గుండుని మూతి వైపు తోసేశాను. ఇన్‌లైన్ తుపాకీలో నాకు నచ్చే సుఖం ఇది.

అప్పటి నుంచి పెట్టుకున్న పద్ధతి ఇదీ. ప్రతి గుండుకీ మధ్య ఒక తడి గుడ్డ, తర్వాత ఒక పొడి గుడ్డ. తడి అంటే నీళ్లు కారేట్టు కాదు, నాలుక మీద పెట్టి తీసినంత. పొట్టి పొట్టి తోపులతో లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, తిప్పేసి ఇంకోసారి. ఎన్నిసార్లు అన్నది అంత ముఖ్యం కాదు. ఎన్నిసార్లు చేస్తే ప్రతిసారీ అన్నే చేయాలి. ఈ ఒక్క మార్పుతో, అదే మందు అదే గుండుతో, నేను కాల్చిన అయిదు గుళ్లు 50 గజాల్లో రెండంగుళాల్లో పడ్డాయి.

అతను కాల్చినవి మాత్రం ఆరు అంగుళాలు.

కనుబొమ్మ గాటు

ఇక్కడ తుపాకీని వదిలేసి మనిషిని చూడాల్సి వచ్చింది. "ఈసారి నేను నింపి ఇస్తాను" అని కాస్త పక్కకి వెళ్లి, మందూ గుండూ ఏమీ వేయకుండా, వాడేసిన ప్రైమర్ ఒకటి పెట్టి చేతికిచ్చాను. ట్రిగ్గర్ నొక్కగానే టక్ మంది, మూతి మాత్రం బెత్తెడు కిందికి వంగింది. దెబ్బకి ముందే కళ్లు మూసుకుని భుజం ముందుకి తోస్తున్నాడు. అది పిరికితనం కాదు. ఆరు పౌండ్ల పైచిలుకు బరువున్న తేలిక తుపాకీలో 150 గ్రెయిన్లు వేసి, కనుబొమ్మ పగిలాక కూడా ఒంటికి ఆ మాత్రం భయం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కొత్తవాళ్లకి మూడు పెల్లెట్ల లోడ్ అమ్మడం నాకు అస్సలు నచ్చదు. 24 అంగుళాల పొట్టి గొట్టంలో అంత మందు పూర్తిగా పనికి రాదు. మిగిలింది మూతి దగ్గర మంటగానూ భుజానికి దెబ్బగానూ పోతుంది. వంద గజాల్లోపు నిలబడే జింకకి అది అవసరమూ లేదు. ఈ 50 గ్రెయిన్ల పెల్లెట్లతో ఇంకో చిక్కు, 100 అయినా వేయాలి, 150 అయినా వేయాలి. మధ్యలో 90 కావాలంటే కుదరదు. అందుకే పొడి మందుకి మార్చాను, ట్రిపుల్ సెవెన్ ఎఫ్‌ఎఫ్‌జీ. బ్లాక్‌హార్న్ 209 అనే ఇంకో మందుతో మసి తక్కువ పడుతుంది, నాకూ ఇష్టమే. కానీ ఖరీదు ఎక్కువ, ఈ తుపాకీకి దాని కోసం వేరే ప్లగ్ కొనాలి. బడ్జెట్ కేసులో అది కుదరదు. ట్రిపుల్ సెవెన్‌కి ప్రతి గుండు తర్వాతా గుడ్డ పెట్టక తప్పదు, ఆ అలవాటు ఎలాగూ చేశాం. దీన్ని కడగడానికి నీళ్లు చాలు.

మందు విషయంలో రెండు మాటలు గట్టిగా చెప్పాలి. డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకూడదు. లోపల నిప్పు కణం మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది. ముందు కొలత గొట్టంలోకి, దాని నుంచి తుపాకీలోకి. రెండోది, మామూలు రైఫిల్ తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ ఇలాంటి తుపాకీలో చిటికెడు కూడా వేయకూడదు. గొట్టం ముక్కలైపోతుంది. ఒకవేళ ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, మూతి టార్గెట్ వైపే ఉంచి ఒకటి రెండు నిమిషాలు కదలకుండా ఆగాలి. ఆలస్యంగా అంటుకునే మందు ఉంటుంది.

80, 90, 100 గ్రెయిన్లు, ఒక్కొక్కదానికి రెండేసి సార్లు మూడేసి గుళ్లు, వంద గజాల్లో. ఇక్కడ గ్రెయిన్ అంటే తూకం కాదు, కొలత గొట్టం మీది గీత. 80కి రెండుంపావు అంగుళాలు వచ్చింది, 90కి ఒకటిముప్పావు, 100కి మూడు దాటింది. ఇంకో తుపాకీలో ఇవే అంకెలు వస్తాయని అనుకోవద్దు. మందు మారింది కాబట్టి పాత నిండు గీత చెరిపేసి, 90 గ్రెయిన్లకి కొత్త గీత పెట్టి తెల్ల టేపు మార్చాం.

తమ్ముడి భయం ఒక్క రోజులో పోలేదు. మూడు వారాల పాటు ఇంట్లో ఖాళీ తుపాకీతో రోజూ పదిహేను నిమిషాలు ట్రిగ్గర్ సాధన చేయించాను. రేంజిలో నాలుగింటికి ఒకటి చెప్పకుండా ఖాళీది ఇచ్చేవాడిని. నవంబరు మధ్యకి మూతి వంగడం ఆగిపోయింది. ఈ కేసులో ఎక్కువ ఓపిక పట్టింది ఈ పనికే. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే.

గురి కుదర్చడం

లోడ్ కుదిరాక, మనిషి కుదిరాక, గురి కుదర్చడానికి పట్టింది గంటే. ప్లగ్ ఊడదీసి, తుపాకీని సంచుల మీద కదలకుండా పెట్టి, గొట్టం లోంచి 25 గజాల దూరంలోని చుక్కని చూస్తూ, తుపాకీ కదపకుండా స్కోప్ గీతలు ఆ చుక్క మీదికి తిప్పాను. మందు ఖర్చు లేని పని ఇది. మొదటి గుండు మూడంగుళాలు కింద, ఒక అంగుళం కుడికి పడింది.

స్కోప్ క్లిక్ లెక్క దగ్గర చాలామంది తడబడతారు. వంద గజాల్లో ఒక క్లిక్‌కి పావు అంగుళం జరిగితే, 50లో అందులో సగం, 25లో పావు వంతు, అంటే అంగుళంలో పదహారో వంతు. 25 గజాల్లో గుండు చుక్కకి అరంగుళం పైన పడాలని మా లెక్క. మూడున్నర అంగుళాలు పైకి 56 క్లిక్‌లు, అంగుళం ఎడమకి 16. తర్వాతి గుండు అనుకున్న చోటే పడింది. 50కి వెళ్లి చిన్న సవరణ, 100కి వెళ్లి ఇంకొకటి. చివరికి వంద గజాల్లో ఒకటిన్నర అంగుళం పైన నిలిపాం. 50లో అది రెండంగుళాలకి కాస్త తక్కువ పైన పడుతుంది, 120 ప్రాంతంలో చుక్క మీదికి దిగుతుంది. జింక ఛాతీలో గురి పెట్టే చోటు పేపర్ ప్లేటంత ఉంటుంది కాబట్టి ఆ దూరం వరకూ మధ్యలో గురి పెట్టి కాల్చడమే. అంతకు మించి కాల్చనని తమ్ముడి చేత మాట తీసుకున్నాను. 150 గజాల్లో కూడా కొట్టొచ్చని కొందరంటారు. గాయపడిన జింక రాత్రంతా ఎక్కడ పడి ఉందో తెలియకుండా వెతికినవాడెవడూ ఆ మాట తేలిగ్గా అనడు.

ఇంకో పరీక్ష మిగిలింది. వేటలో కాల్చేది ఒక్క గుండు, అదీ శుభ్రమైన, చల్లని గొట్టం నుంచి. రేంజిలో వరసగా కాల్చిన గుళ్లు ఆ సంగతి చెప్పవు. అందుకే మూడు వేర్వేరు ఉదయాలు వెళ్లి, రోజుకి ఒక్క గుండే, అదే కాగితం మీద కాల్చించాను. వెళ్లే ముందు గొట్టంలో నూనె పూర్తిగా తుడిచి, ర్యామ్‌రాడ్ చివర పొడి గుడ్డ పెట్టి అడుగుదాకా దించి ఉత్త ప్రైమర్ ఒకటి పేల్చాలి. గుడ్డ మీద నల్ల మచ్చ పడితే దారి తెరిచి ఉన్నట్టు. డిసెంబరులో ఇరవై ఫారెన్‌హీట్ చలిలో కాల్చిన ఆ మూడు గుళ్లూ రెండంగుళాల ముక్కోణంలో పడ్డాయి, గురి కుదిర్చిన రోజు కంటే ఒక అంగుళం కింద. స్కోప్ ముట్టుకోలేదు.

జనవరి

సీజన్ రెండో రోజు సాయంత్రం, పొద్దు గూకడానికి ఇంకా అరగంట ఉండగా, మొక్కజొన్న కోసేసిన చేను అంచున ఒక ఆడ జింక పక్కకి తిరిగి నిలబడింది. తర్వాత కొలిస్తే 64 గజాలు. గొట్టంలోకి మంచు పోకుండా మూతికి అంటించిన టేపు అలాగే ఉంది, దాని మీదుగానే కాల్చేయొచ్చు. రెండు రాత్రులూ తుపాకీని వెచ్చని గదిలోకి తేలేదు. ప్రైమర్ తీసేసి, చల్లని గరాజ్‌లో తాళం వేసిన పెట్టెలో ఉంచాం. వెచ్చదనానికి లోపల చెమ్మ పట్టి మందు తడిసిపోతుంది.

పొగ కమ్మేసి ఏమీ కనపడలేదు. తమ్ముడు లేచి పరుగెత్తలేదు. మందు పోసి, గుండు దించి, ర్యామ్‌రాడ్ మీది తెల్ల టేపు మూతికి వచ్చిందో లేదో వేలు పెట్టి చూసుకుని, ప్రైమర్ పెట్టుకుని, అప్పుడు తలెత్తాడు. ఆ తర్వాత అరగంట అక్కడే కూర్చున్నాం. జింక నలభై అడుగుల్లోనే పడి ఉంది. గుండు రెండు ఊపిరితిత్తులనీ దాటి బయటికి పోయింది. ఆ రాత్రే గేమ్ చెక్‌లో, అంటే వేటాడిన జింకల లెక్క రాసుకునే రాష్ట్ర వ్యవస్థలో, నమోదు చేశాడు, మర్నాడు మధ్యాహ్నం దాకా గడువు ఉన్నా సరే.

ఇంటికి రాగానే రెండో గుండు తీసేసి, ప్లగ్ విప్పి గోరువెచ్చని సబ్బు నీళ్లలో వేసి, గొట్టం తెల్ల గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడిగాం. ఆరబెట్టి, నూనె పట్టించి, ప్లగ్ మరలకి గ్రీజు రాశాం. ఈ పని తెల్లారి చేద్దామనుకుంటే తుప్పు మొదలైపోతుంది.

ఇప్పుడు అతను 295 గ్రెయిన్ల బరువు గుండు ఒకటి తెచ్చాడు. మే నెలలో మళ్లీ రేంజికి వెళ్తున్నాం. ఈ గుండు పొడవు వేరు, కాబట్టి నిండు గీతా వేరే. ర్యామ్‌రాడ్ మీద తెల్ల టేపు పక్కన దానికి ఎర్ర టేపు చుట్టబోతున్నాం.